మూలలొచ్చిన సున్నా

“ఈ ఫైలు ఎంతకాలం ఉండాలి ఆంటీ?” అని అడిగాను.

“నేను పోయేదాకా బాబూ,” అన్నారావిడ, పెరుగన్నంలోంచి కరివేపాకు ఏరి పళ్ళెం అంచున పెడుతూ. “ఆపైన ఇంకో రెండు నెలలు. రాయి చెక్కేవాళ్ళు చెప్పిన రోజుకి ఎప్పుడూ ఇవ్వరు.”

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వెనక హాల్లో భోజనాల దగ్గర మాట ఇది. ఆ హాలు మాది కాదు. పొద్దున అమెరికన్ల చర్చి, మధ్యాహ్నం మా తెలుగు చర్చి. హాల్లో సాంబారు వాసన ఉండకూడదని అద్దె ఒప్పందంలో ఒక షరతుంది. అందుకని పులిహోర, కోడికూర వండుకొస్తాం. ఒప్పందంలో వాటి పేర్లు లేవు.

ఆంటీ రిటైరైన డాక్టరు. ఎనభై దాటాయి. మెట్లు నాకంటే వేగంగా ఎక్కుతారు. వాళ్ళమ్మగారు నూటికి దగ్గర్లో పోయారని ఒకసారి ఆవిడే చెప్పారు. నేను మనసులో లెక్క వేసుకున్నాను. ఆవిడకి దీర్ఘాయుష్షు ఇమ్మని ప్రతివారం ప్రార్థించే సంఘంలో నేనూ సభ్యుణ్ణే. ఆ ప్రార్థన ఫలించినకొద్దీ నా పని కష్టమవుతుందన్న ఆలోచన రావడం మంచి విశ్వాసి లక్షణం కాదు. వచ్చింది.

మేముండే షాంటిలీ వైపు ఏ పార్టీలోనైనా ఎవరినైనా ఏం చేస్తారని అడిగితే క్లౌడ్ అంటారు, డేటా అంటారు, గవర్నమెంట్ రహస్యాలు చూసే క్లియరెన్స్ ఉన్నవాళ్ళయితే ఏమీ అనకుండా నవ్వుతారు. నేను డిజిటల్ ప్రిజర్వేషన్ అంటాను. “ఓ, బ్యాకప్పా?” అంటారు. కాదని వివరించేలోపు అవతలి మనిషి మిర్చిబజ్జీల ట్రే దగ్గర ఉంటాడు. బ్యాకప్ అంటే ఆవకాయ జాడీ ఇంకొకటి వేరే అలమరలో పెట్టడం. నా పని, ఇంకో పాతికేళ్ళకి ఆ మూత తీయడం ఎవరికైనా వస్తుందా అని ఇప్పట్నుంచే దిగులుపడటం. దిగులుపడటానికి జీతమిచ్చే దేశం ఇది. నాకు పుట్టుకతో వచ్చిన విద్య కాబట్టి ట్రైనింగ్ కూడా పెద్దగా అవసరం పడలేదు.

ఆఫీసులో మేం ‘దీర్ఘకాలం’ అన్న మాట చాలా వాడతాం. ఎంత దీర్ఘం అని ఎవరూ అడగరు. అడిగితే మీటింగ్ కూడా అంత దీర్ఘమవుతుందని భయం. ఇన్నేళ్ళ ఉద్యోగంలో దీర్ఘకాలానికి ఒక చివర ఉందని, ఆ చివర చేతిలో చెంచాతో నా ఎదురుగా కూర్చుని ఉందని నాకు చెప్పిన మొదటి మనిషి ఆంటీ.

అసలు విషయం చెప్పాలంటే అంకుల్ దగ్గర మొదలుపెట్టాలి.

ఆంటీ భర్తని మేమంతా అంకుల్ అనేవాళ్ళం. వంతెనలు కట్టే ఇంజనీరు. అమెరికాకి తొలిరోజుల్లో వచ్చిన తెలుగువాళ్ళలో ఒకాయన. కంప్యూటర్లో దొరికే తెలుగు అక్షరాలంటే ఆయనకి పడేది కాదు. “ఈ అక్షరాలకి వెన్నెముక లేదోయ్. జీతం రాని గుమాస్తాల్లా వాలిపోయి ఉన్నాయి,” అనేవారు. రిటైరయ్యాక కూర్చుని తన అక్షరాలు తనే గీసుకున్నారు. అడుగున బరువు, పైన తేలిక, టోపీ కొంచెం వంచి పెట్టుకున్నట్టు తలకట్టు. సున్నా అయితే చూసినవాళ్ళకి చేత్తో తీసి జేబులో వేసుకోవాలనిపించేంత గుండ్రం. క్రిస్మస్ ప్రోగ్రామ్ కాగితం నుంచి సండే స్కూల్ సర్టిఫికెట్ల దాకా మా చర్చిలో అన్నీ ఆ అక్షరాలే.

ఆ అక్షరాలతోనే తమ ఇద్దరి సమాధి రాయి కూడా గీసి పెట్టుకున్నారాయన. ఇంటి ప్లాను గీసినంత నిదానంగా, ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే. ఒకే రాయి. ఎడమవైపు ఆయన, కుడివైపు ఆంటీ. కింద ఒక బైబిల్ వాక్యం రాయి ఈ చివరినుంచి ఆ చివరిదాకా సాగుతుంది. ఆయన పేరు కింద మొదలై ఆవిడ పేరు కింద ముగుస్తుంది. వంతెనలు కట్టిన మనిషికి అలా తోచడంలో వింతేమీ లేదు.

అంకుల్ కిందటేడు పోయారు. రాయి చెక్కించేటప్పుడు చిన్న చిక్కొచ్చింది. ఇక్కడి అలవాటు ప్రకారం బతికున్నవాళ్ళ పేరు, పుట్టిన సంవత్సరం కూడా అప్పుడే చెక్కేసి, పక్కన గీత గీసి, గీత తర్వాత ఖాళీ వదిలేస్తారు. ఆంటీ ఒప్పుకోలేదు. “ఆ గీత పక్కన ఖాళీ చూస్తే నన్నెవరో వెయిటింగ్ రూమ్‌లో కూర్చోబెట్టి వెళ్ళినట్టుంటుంది. నా వైపు ముట్టుకోవద్దు,” అన్నారు. దాంతో కుడివైపు నున్నగా మిగిలిపోయింది. వాక్యం మధ్యలో ఆగిపోయింది. మా సమాధుల తోటకి ఎవరు వెళ్ళినా ఆ రాయి ముందు కొంచెం తడబడతారు. దేవుడు ఏదో చెప్పబోతూ ఫోనొస్తే పక్కకి వెళ్ళినట్టుంటుంది.

మిగతా సగం ఎక్కడుందంటే, ఒక ఫైల్లో ఉంది. ఇన్నాళ్ళూ ఆ ఫైలు రాయి చెక్కే షాపులోనే ఉందని ఆంటీ ధీమా. ఇప్పుడు ఆ షాపు పెద్దాయన షాపు అమ్మేశాడు. వెళ్తూ వెళ్తూ ఆంటీ చేతిలో ఒక పెన్ డ్రైవ్ పెట్టి, ఇది మీదేనమ్మా, కొత్తవాళ్ళ మెషీన్లలో పనిచేస్తుందో లేదో నాకు తెలీదు, అన్నాడు. ఆవిడ దాన్ని నేప్‌కిన్‌లో చుట్టి చర్చికి తెచ్చారు. నేప్‌కిన్ మీద కొంచెం పులిహోర పసుపు కూడా అంటింది.

“పాడైతే వేరే అక్షరాలతో చెక్కించెయ్యొచ్చు కదా అంది మా అమ్మాయి,” అన్నారు. “ఒకే రాయి మీద ఆయన ఆయన అక్షరాల్లో, నేను ఇంకెవరి అక్షరాల్లోనో. ట్రెయిన్లో పక్కపక్క సీట్లు దొరికిన పరాయివాళ్ళలాగా. వద్దు బాబూ.”

సరేనన్నాను. పెన్ డ్రైవ్ జేబులో వేసుకున్నాను. ఇంటికి డ్రైవ్ చేసినంతసేపూ అది జేబులోనే ఉందో లేదో చూసుకున్నాను. “స్టీరింగ్ కూడా అప్పుడప్పుడూ పట్టుకోండి,” అంది మా ఆవిడ.

ఇంటికెళ్ళి తెరిచాను. తెరుచుకుంది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. తెరుచుకోని ఫైలు నిజాయితీపరుడు. తెరుచుకున్న ఫైలు ఏం దాచిందో వెతకాలి. రాయి అంచు ఉంది. మధ్యలో గీత ఉంది. అక్షరాలు ఉండాల్సిన చోట్లన్నిట్లో ఇంటూ మార్కు వేసిన ఖాళీ డబ్బాలున్నాయి. ఆంటీ పేరు వరసగా కొన్ని డబ్బాలు. వాక్యం బోలెడన్ని డబ్బాలు.

అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక అంకుల్ మీద గౌరవం, కోపం ఒకేసారి వచ్చాయి. ఆయన ఇంజనీరు కదా. ఒకే బోల్టుని వందచోట్ల వందసార్లు గీయడం ఇంజనీర్లకి ఇష్టముండదు. ఒకసారి గీసి, ఇక్కడ అదే పెట్టు, అక్కడా అదే పెట్టు అంటారు. ఆయన అక్షరాలన్నీ ఒక ఫైల్లో గీసి దాచుకుని, రాయి ఫైల్లో మాత్రం ఫలానా చోట ఫలానా అక్షరం తెచ్చి పెట్టమన్న ఆదేశాలే ఉంచారు. అంటే షాపువాడిచ్చిన దాన్లో ఆదేశాలున్నాయి, అక్షరాలు లేవు. ఎడమవైపు చెక్కినప్పుడు వాడిన అక్షరాల ఫైలు షాపువాడి పాత మెషీన్‌తోపాటే పోయినట్టుంది. వంటకం పేరు రాసుంది, వంటవాడు వేరే ఊళ్ళో ఉన్నాడు.

మా వృత్తిలో దీన్ని మించిన పాపం లేదు. దాచే ఫైలు దేని మీదా ఆధారపడకూడదు, దానికి కావలసినవన్నీ దాని కడుపులోనే ఉండాలి అని కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజే చెప్తాం. అంకుల్ మా ఆఫీసులో చేరలేదు. అదే ఆయన చేసిన తప్పు.

ఆంటీకి ఫోన్ చేసి, అంకుల్ పాత కంప్యూటర్ ఉందా అని అడిగాను. అడిగి ఊపిరి బిగపట్టాను. పాత కంప్యూటర్లని మనవాళ్ళు రెండే రకాలుగా చూస్తారు. గరాజ్ సేల్‌లో ఇచ్చేస్తారు, లేదా మీద గుడ్డ కప్పి దాని మీద కుక్కర్ డబ్బా పెడతారు.

“బేస్‌మెంట్‌లో ఉంది,” అన్నారు. “మీద కుక్కర్ డబ్బా ఉంది.”

శనివారం వెళ్ళాను. ట్రెడ్‌మిల్‌కీ బియ్యం బస్తాలకీ మధ్య బల్ల మీద ఉందది. ఆంటీ పక్కన కుర్చీ వేసుకుని, కాఫీ పట్టుకుని, పెద్దాపరేషన్ చూడ్డానికొచ్చిన సీనియర్‌లా కూర్చున్నారు. స్విచ్ వేస్తే చాలాసేపు ఏమీ కాలేదు. తర్వాత లోపల ఏదో టక్కుటక్కుమంది.

“ప్రోగ్నోసిస్ చెప్పు, బతుకుతుందా?” అన్నారు.

“కుదురుగానే ఉంది ఆంటీ, కానీ...”

“కానీ అన్నావంటే కుదురుగా లేదని. నేనూ పేషెంట్ల వాళ్ళకి అలాగే చెప్పేదాన్ని.”

“డిస్క్ చప్పుడు బాలేదు. దేన్నీ తెరవకుండా ముందు మొత్తం కాపీ చేసేస్తాను.”

“అంతే. ముందు ఊపిరి ఆడుతోందా చూడు. కట్లు తర్వాత కట్టొచ్చు.”

కాపీ అవుతున్నంతసేపూ స్క్రీన్ మీద నీలం గీత జరిగేది, ఆగేది. ఆగినప్పుడల్లా నేనూ ఆగేవాణ్ణి. ఆంటీ మధ్యలో ఒకసారి నా ముఖం చూసి, పైకెళ్ళి, నీళ్ళు తెచ్చిచ్చారు. నేను తాగేదాకా నిలబడి ఉన్నారు.

కాపీ అయ్యాక అంకుల్ వాడిన పాత ప్రోగ్రామ్ తెరిచాను. దాన్ని చేసిన కంపెనీని ఇంకో కంపెనీ కొంది, దాన్ని మరొకటి కొంది, ఆఖరికి ఏమైందో ఎవరికీ తెలీదు. ఇక్కడ మాత్రం, ఆ బల్ల మీద, అదొక్కటే బతికుంది. రాయి ఫైలు తెరిచాను. అక్షరాలు ఒక్కొక్కటే వచ్చి కూర్చున్నాయి. డబ్బాలు లేవు. ఎడమవైపు అంకుల్ పేరు. కుడివైపు ఆంటీ పేరు, పుట్టిన సంవత్సరం, గీత, ఖాళీ. కింద వాక్యం, పూర్తిగా.

ఆంటీ కళ్ళజోడు సర్దుకుని చూశారు. ఆయన పోయాక తన వైపు చూడటం అదే మొదటిసారి. నేను కీబోర్డ్ మీద దుమ్ము తుడుస్తూ ఉండిపోయాను. ఎంత తుడిచినా అలాంటప్పుడు దుమ్ము ఇంకొంచెం ఉంటే బాగుండుననిపిస్తుంది.

“గీత కొంచెం పొడుగ్గానే గీశారు,” అన్నారు చివరికి. “ఆశావాది.”

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉండాల్సింది. అలవాటు కొద్దీ అక్షరాల ఫైల్లో అంకెలు వెతకడం మొదలుపెట్టాను. ఏం చేస్తున్నావని అడిగారు. “సున్నా నుంచి తొమ్మిదిదాకా అన్ని అంకెలూ గీశారో లేదో చూస్తున్నాను ఆంటీ. చివరి సంవత్సరంలో ఏవి పడతాయో మనకి తెలీదు కదా,” అనేశాను.

ఆంటీ కాఫీ కప్పు బల్ల మీద పెట్టారు.

“మొదటి రెండూ ఇరవై అని వేసుకో,” అన్నారు ఆంటీ. “శతాబ్దం దాటించే ఉద్దేశం లేదు.”

ఇక ఏ రూపంలో దాచాలన్నది తేల్చాలి. ఇలాంటి బొమ్మల్లో ఫోటోలో ఉన్నట్టు చుక్కలు ఉండవు. ఇక్కణ్ణుంచి మొదలుపెట్టి, ఇంత వంపు తిరిగి, అక్కడ ఆగు, అని కంప్యూటర్‌కి చెప్పే దారి మాత్రమే ఉంటుంది. అందుకే ఎంత పెద్దది చేసినా చెదరవు. అందుకే రాయి చెక్కే మెషీన్లు వీటినే అడుగుతాయి. చిక్కేమిటంటే ఒక్కో ప్రోగ్రామ్ ఆ దారిని ఒక్కో భాషలో చెప్తుంది. ఏ భాష పాతికేళ్ళ తర్వాత కూడా ఎవరికో ఒకరికి వచ్చి ఉంటుందన్నదే ప్రశ్న. అమెరికాలో పిల్లల్ని పెంచిన తెలుగువాళ్ళకి ఈ ప్రశ్న కొత్తది కాదు.

రాయి షాపు కొత్త ఓనర్‌కి బేస్‌మెంట్ నుంచే ఫోన్ చేశాను. చాలా మర్యాదస్తుడు, ఉత్సాహవంతుడు. డీఎక్స్‌ఎఫ్ పంపు, మేం దాన్నే వాడతాం అన్నాడు. ఇంజనీరింగ్ డ్రాయింగుల కోసం పుట్టిన పాత రకం ఫైలు అది. పాత ప్రోగ్రామ్ దాన్ని తయారుచేయగలదు. కొత్త మెషీన్ చదవగలదు. ఇద్దరికీ తెలిసిన భాష దొరికిందని అక్కడికక్కడే చేసి పంపేశాను. ఆఫీసులో ఎవరైనా ఇలా చేసుంటే రెండు పేజీల ఈమెయిల్ రాసేవాణ్ణి. పాత డిస్క్ టక్కుటక్కుమంటూంటే మనిషికి తొందర పుడుతుంది.

అయినా దిగులు తగ్గలేదు. స్క్రీన్ మీద బాగున్నది రాతి మీద బాగుంటుందని నమ్మకమేంటి? రాయి చెక్కే ముందు రబ్బరు షీటు మీద అక్షరాల ఆకారం కోసి, రాతికి అంటించి, ఖాళీల్లోంచి ఇసక కొడతారు. ఆ రబ్బరు ఒక ముక్క కోసి చూపించమని అడిగాను. డబ్బులేమీ వద్దు, రమ్మన్నాడు. ఆంటీ కూడా వస్తానన్నారు. “నా పేరు నేను చూసుకోకపోతే ఎవరు చూస్తారు? తర్వాత చూసే వీలుండదు.”

షాపు వెనక గదిలో బల్ల మీద రబ్బరు పరిచి ఉంది. ఆంటీ పేరు, వాక్యం చివరి సగం. ఓనర్ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని గర్వంగా చూశాడు.

“లుక్స్ గ్రేట్ టు మీ,” అన్నాడు.

నిజమే. తెలుగు ఆయనకి ఎలా ఉన్నా గ్రేట్‌గానే ఉంటుంది. తలకిందులుగా పెట్టినా అదే మాట అంటాడు. నేను కూడా తలూపాను. అన్ని అక్షరాలూ ఉన్నాయి, ఒత్తులు వాటి చోట్ల ఉన్నాయి, ఏదీ జారిపోలేదు. ఇంక పీల్చిన ఊపిరి వదలబోతున్నాను.

ఆంటీ చూపుడువేలు రబ్బరు మీద పెట్టి, వాక్యంలో ఒక సున్నా చుట్టూ నెమ్మదిగా తిప్పారు. మళ్ళీ తిప్పారు. నాడి చూస్తున్నట్టు.

“బాబూ, నువ్వు తిప్పు.”

తిప్పాను. వేలికి ఏదో తగిలి ఆగింది. మళ్ళీ తగిలింది. వంగి, తల పక్కకి తిప్పి వెలుగులో చూశాను. ఆ సున్నా గుండ్రంగా లేదు. చిన్నచిన్న తిన్నని గీతలు చుట్టూ పేర్చినట్టుంది. దూరం నుంచి సున్నా, దగ్గరికెళ్తే బోల్టు తల.

“ఆయన సున్నాకి మూలలు లేవు,” అన్నారు ఆంటీ.

పాత ప్రోగ్రామ్ వంపులన్నిటినీ పొట్టి పొట్టి గీతలుగా విరగ్గొట్టి పంపింది. ఆ రకం ఫైలుకి వంపు చెప్పడం దానికి చేతకాలేదు, తెలిసినంతలో చెప్పింది. ఇంగ్లీషు అక్షరాలకైతే ఎవరూ కనిపెట్టలేకపోయేవారు. వాటిలో సగం నిలువు గీతలూ అడ్డ గీతలే. మన అక్షరాల్లో తిన్నని గీత వెతికి పట్టుకోవాలి. అన్నీ వంపులే. పేరంతా, వాక్యమంతా, ఎక్కడ చెయ్యి పెట్టినా మూలలే. ఆ రబ్బరు పెట్టి ఇసక కొట్టి ఉంటే ఎడమవైపు అంకుల్ గుండ్రంగా ఉండేవారు, కుడివైపు ఆంటీ పలకలుపలకలుగా ఉండేవారు. చెక్కాక రాతికి అన్‌డూ లేదు.

ఓనర్ మా ఇద్దరి వేళ్ళూ చూసి, తన వేలూ తిప్పాడు. “హ్,” అన్నాడు. అమెరికన్లు గట్టిగా బాధపడినప్పుడు అనే మాట అది.

వెనక్కి వచ్చేటప్పుడు కార్లో ఆంటీ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. నేను సారీ చెప్పాను.

“ఎందుకు? టెస్ట్ చేయించావు, దొరికింది. చేయించకపోతే దొరికేది కాదు. అంతే.” నా వైపు తిరిగి, “పాత కంప్యూటర్ మళ్ళీ లేస్తుందా?” అని అడిగారు.

అదే నేనూ అడుగుతున్నాను, మనసులో, ప్రతి సిగ్నల్ దగ్గరా.

లేచింది. కానీ ఆ రోజు చప్పుడు ఇంకా పెరిగింది. ఆంటీ మెట్ల మీద కూర్చుని చిన్నగా ప్రార్థన చేశారు. నేను కూడా చేశాను. నాది ఎక్కువ టెక్నికల్‌గా ఉంది. ఈసారి ఇంకో దారిలో వెళ్ళాను. పాత ప్రోగ్రామ్‌కి ప్రింటింగ్ ప్రెస్సుల వాళ్ళకి పంపే ఒక పాత రకం తెలుసు. దాన్లో వంపులు వంపులుగానే ఉంటాయి. అందులోకి తీసే ముందు ప్రతి అక్షరాన్నీ దాని ఆదేశం నుంచి విడదీసి, పేజీలోనే స్థిరంగా గీసినట్టు మార్చాను. ఇక వంటవాడితో పని లేదు, వంటకం పళ్ళెంలోనే ఉంది. అక్షరాలన్నీ, అంకెలన్నీ పక్కన ఖాళీ జాగాలో వరసగా పేర్చాను. ఆ ఫైలు నా లాప్‌టాప్‌లోకి వచ్చిన మర్నాడే పాత డిస్క్ లేవడం మానేసింది. దానికి ఎంతవరకు ఉండాలో తెలిసినట్టుంది.

ఆ వచ్చినదాన్ని ఎస్‌వీజీ అనే రకంలోకి మార్చాను. దాన్నే ఎందుకంటే, అది లోపల మామూలు అక్షరాలతో రాసి ఉంటుంది. ఏ కంపెనీ సొత్తూ కాదు. అన్ని ప్రోగ్రాములూ చచ్చిపోయినా, ఒక ఓపికున్న మనిషి తెరిచి చదివి, ఇక్కణ్ణుంచి ఇక్కడికి వంపు, అని కాగితం మీద చేత్తో గీసుకోవచ్చు. దానికి తోడుగా ఆర్కైవుల కోసమే చేసిన పీడీఎఫ్ ఒకటి పెట్టాను. అది మార్చడానికి పనికిరాదు. ఎలా కనిపించాలో సాక్ష్యం చెప్పడానికి పనికొస్తుంది. అంకుల్ అసలు ఫైళ్ళు కూడా ఉంచాను, తెరవడానికి ఇవాళ ఎవరూ లేకపోయినా. వాటిని తీసేయడానికి చెయ్యి రాలేదు. దానికి వృత్తిపరమైన కారణం కూడా ఉంది, అడిగితే చెప్తాను. షాపువాడు ఎస్‌వీజీతో మళ్ళీ రబ్బరు కోశాడు. ఆంటీ వేలు తిప్పారు. ఎక్కడా ఆగలేదు.

అప్పుడైనా నిశ్చింతగా ఉండొచ్చు కదా అంది మా ఆవిడ. ఉండేవాణ్ణే. ఫైలు ఒకటి మంచిగా ఉంటే సరిపోదు, ఆ రోజు దాన్ని షాపుకి పంపే మనిషి కూడా ఉండాలి. ఆ మనిషి ఆంటీ కూతురు. జెర్సీ సిటీలో ఉంటుంది, రోజూ ట్రెయిన్‌లో మన్‌హటన్ వెళ్ళి ఏదో బ్యాంకులో పనిచేస్తుంది. నాకంటే పెద్దది, అయినా నన్ను అన్నా అంటుంది. ఏమని పిలవాలో తెలియని మగవాళ్ళందరినీ అన్నా అనమని చిన్నప్పుడు వాళ్ళమ్మ చెప్పిందట. తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు.

“అన్నా, రాంగ్ ఉంటే నాకు ఎలా తెలుస్తది?” అని వీడియో కాల్‌లో అడిగింది. “ఐ మీన్, ఇది రైట్ సైడ్ అప్ అని కూడా నువ్ చెప్తేనే తెల్సింది.”

మంచి ప్రశ్న. నా ఆఫీసులో అంత మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు. చదవలేని మనిషి చదవకుండానే తప్పు పట్టగలగాలి. సమాధి రాయి ఎడమవైపు ఫోటో తీసి, కుడివైపు బొమ్మ దాని పక్కనే పెట్టి ఇచ్చాను. అక్కడి సున్నా, ఇక్కడి సున్నా ఒకేలా ఉన్నాయా చూడు. మూలలుంటే పంపకు. డబ్బాలుంటే నాకు ఫోన్ చెయ్యి.

“నువ్ లేకపోతే?”

వాళ్ళమ్మ నా వెనక కూర్చుని వింటున్నారు.

మొదటి జ్ఞాపకార్థ కూడిక ఆంటీ ఇంట్లో జరిగింది. మనవాళ్ళలో ఉన్న అలవాటే. పోయినవాళ్ళని తలుచుకుని, ఏడాదికోసారి పాట, ప్రార్థన, పాస్టరుగారి మాటలు, తర్వాత భోజనం. ఆంటీ దానికి ఒక అంశం కలిపారు. ఆమేన్‌కీ బిర్యానీకీ మధ్య ఫైలు తెరవాలి. ప్రతి ఏడూ. అందరి ముందూ. నేను ఆఫీసులో ఏళ్ళ తరబడి అడుగుతున్నది ఇదే, దాచినదాన్ని అప్పుడప్పుడూ తెరిచి చూడండని. అక్కడ ఒప్పుకోవడానికి కమిటీ వేశారు. ఆంటీ బిర్యానీ చాలనుకున్నారు.

కూతురు తన లాప్‌టాప్ టీవీకి తగిలించి తెరిచింది. నన్ను ముట్టుకోనివ్వలేదు, అదీ ఆంటీ నియమమే. టీవీ మీద రాయి మొత్తం వచ్చింది. ఆవిడ పేరు, పొడుగాటి గీత, ఖాళీ. కింద వాక్యం ఈ చివర నుంచి ఆ చివరిదాకా. ఎప్పుడూ సగం దగ్గర ఆగే జనం అలవాటుగా సగం దగ్గర ఆగారు. తర్వాత ఎవరో మెల్లగా మిగతా సగం చదివారు. అందరూ కలిశారు. ఆంటీ చదవలేదు. కూతురు టీవీ దగ్గరికెళ్ళి ఒక సున్నా చుట్టూ వేలు తిప్పింది. టీవీ మీద వేలికి ఏం తెలుస్తుంది? అయినా తిప్పింది.

“రౌండ్‌గానే ఉంది మమ్మీ.”

“సరే. ఇంకో ప్రోగ్రామ్‌లో కూడా చూడాలన్నావుగా, చూడు బాబూ,” అన్నారు ఆంటీ నాతో. నేను నా లాప్‌టాప్ తెరిచే లోపు ఆవిడ లోపల్నుంచి బీపీ మెషీన్ తెచ్చి నా పక్కన కూర్చున్నారు. నా ఎడమచేతి చొక్కా పైకి మడిచారు.

“ఆంటీ, ఇప్పుడా?”

“నువ్వు లేకపోతే ఏంటని అది అడిగింది. నేనూ ఆలోచించాను. ఈ ఏర్పాటంతట్లో ఎక్కువ రిస్క్ ఎక్కడుందో. చెకప్ ఎప్పుడు చేయించుకున్నావు?”

ఆఫీసులో ఈ ప్రశ్న నేను సర్వర్ల గురించి అడుగుతాను. పట్టీ బిగుసుకుంటోంది. కుడిచేత్తో ఫైలు తెరిచాను. అన్నీ ఉన్నాయి. ఆంటీ మెషీన్ వైపు చూసి పెదవి విరిచారు. ఆ పెదవి విరుపు నాకు తెలుసు. ‘కానీ’ అనబోయే ముందు ముఖం.

“పై నంబరు ఎక్కువుంది. సోమవారం డాక్టరు దగ్గరికెళ్తున్నావు. ఉప్పు తగ్గించు. ఇక మూసెయ్, జనం ఆకలితో ఉన్నారు. నాకింకా టైముంది.”

మూయబోయాను. మార్పులు సేవ్ చెయ్యాలా అని అడిగింది ప్రోగ్రామ్.

మార్పులేంటి? తెరిచాను, చూశాను, అంతే. ఎవరు ఏం మార్చారు? బీపీ పట్టీ ఉన్న చెయ్యి దేనికైనా తగిలిందా? ఆంటీ చేతిలో నా మణికట్టు ఉంది, ఆ నాడి ఆవిడకి అన్నీ చెప్తూనే ఉండుంటుంది. వద్దు అని నొక్కాను. మూసుకుంది. వంటింట్లోంచి బిర్యానీ మూత తీసిన వాసన వచ్చింది.

మళ్ళీ తెరిచాను.

“ఉందా?” అన్నారు ఆంటీ.

“ఉంది.”

“ఊపిరి వదులు,” అన్నారు.